నాజిళ్ళు ఊదిన మనిషి

ఆర్లిన్ వోర్పాల్ కింది పెదవి ఏడాది పొడవునా పగిలి ఉండేది. చలికాలంలో మా విస్కాన్సిన్‌లో అందరి పెదవులూ పగులుతాయి. అతనిది జులైలో కూడా పగిలే ఉండేది.

జున్ను ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. అతను యంత్రాలు బాగుచేసేవాడు. నేను పాల ట్యాంకులు కడిగేవాణ్ణి. ఆదివారం వస్తే ఇద్దరం ట్రాక్ మీద ఉండేవాళ్ళం. ఊరి చివర, మొక్కజొన్న చేల మధ్య, కోడిగుడ్డు ఆకారంలో ఉండే మట్టి ట్రాక్ అది. దాని మీద పరిగెత్తే చిన్న కార్లని మిడ్జెట్లు అంటాం. వాటికి స్టార్టరు ఉండదు. వెనక నుంచి ట్రక్కు తోస్తే తప్ప ఇంజన్ అందుకోదు. ఆ తోసే ట్రక్కు నాది. అందుకని ఏ ఇంజన్ మొదటి దగ్గయినా ముందు నాకే వినిపిస్తుంది.

రేసు కోసమే తయారైన ఇంజన్లు కొనే స్తోమత మా దగ్గర ఏ ఇద్దరికో ముగ్గురికో ఉంది. మిగతావాళ్ళ కోసం ఒక తరగతి వేరే పెట్టారు. ఎక్కడో గుద్దుకుని పాత ఇనుము కొట్టుకి చేరిన మామూలు కారులోంచి ఇంజన్ దించుకోవాలి. దాని కంప్యూటరూ తీగలూ పీకేయాలి. పెట్రోలు బదులు మిథనాల్ పోయాలి. మేం దాన్ని సారా అనే అంటాం. ఆ సారాని సిలిండర్లకి పంచే పని కంప్యూటరు లేకుండా ఒక పంపూ, ఒక కవాటం, సారాని సన్నగా చిమ్మే నాలుగు నాజిళ్ళూ చేస్తాయి.

ఆ పంపు ఇంజన్‌తో పాటు తిరుగుతుంది. ఎంత వేగంగా తిరిగితే అంత తోస్తుంది. దానికి ఆలోచన లేదు. అవసరానికి మించిన సారా తిరిగి ట్యాంకులోకి పోవాలి. ఆ పోయే దారిలో చిల్లున్న ఇత్తడి బిళ్ళ ఒకటి పెడతారు. బిళ్ళ మీద ఉండే నంబరు ఆ చిల్లు కొలత. చిల్లు పెద్దదైతే ఎక్కువ సారా వెనక్కి పోతుంది, ఇంజన్‌కి తక్కువ అందుతుంది. అంటే పెద్ద నంబరు వేస్తే ఇంజన్ ఎండుతుంది. కార్బ్యురేటరు అలవాటుతో వచ్చేవాళ్ళు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని మొదటి వారమే పిస్టన్లు కరిగించుకుంటారు. మా ట్రాక్ మీద పెరిగినవాళ్ళు మాత్రం ఆ తప్పు చెయ్యరు.

ఆర్లిన్ ఆ వ్యవస్థ మొత్తం తన గరాజ్‌లో, తన చేతులతో తయారు చేసుకున్నాడు. గాలి గొట్టాలు ఫ్యాక్టరీలో పారేసిన అల్యూమినియం పైపులతో అతికాడు. ఇంజన్ నడుస్తుంటే, జులై ఉక్కలో కూడా, ఆ గొట్టాల మీద మంచు పట్టేది. సారా ఆవిరయ్యేటప్పుడు అంత చల్లబరుస్తుంది. ఆ మంచుని వేలితో గీకి చూసి అతను ఇంజన్ సంగతి చెప్పేవాడు.

నాజిల్ రంధ్రం గుండుసూది మొనంత ఉంటుంది. అందులో నలుసు పడితే ఆ సిలిండరు ఎండిపోయి పిస్టన్‌కి బొక్క పడుతుంది. అందుకని పందేనికి ముందు ఆర్లిన్ నాజిళ్ళన్నీ విప్పి, ఒక్కొక్కటీ పెదవుల మధ్య పెట్టుకుని ఊదేవాడు. గాలి ఎంత తేలిగ్గా పోతోందో, ఎంత బిగువుగా పోతోందో పెదవికి తెలిసేది. నాలుగూ ఒకేలా పోతేనే మళ్ళీ బిగించేవాడు. ప్రతి నాజిల్‌లోనూ ఒక చుక్క మిగిలి ఉండేది. డ్రమ్ములోంచి డబ్బాలోకి దించేటప్పుడు కూడా గొట్టం పెట్టి నోటితోనే లాగేవాడు. లాగి, ఉమ్మేసి, బీరుతో పుక్కిలించేవాడు. ఆ రోజుల్లో చాలామంది అలాగే చేసేవాళ్ళు.

"వోర్పాల్ ముద్దు పెడితే ఎలాంటి మొద్దు ఇంజనైనా లేచి కూర్చుంటుందిరా," అనేవాడు డ్యూయీ ప్రాక్నో. "పాపం, వెర్నాకే ఆ యోగం లేదు."

డ్యూయీకి కొలత పరికరాలతో సహా పెద్ద వర్క్‌షాప్ ఉంది. రెండు కార్లు పరిగెత్తించేవాడు. నోరు ఊరుకోదు కానీ పిలిస్తే వచ్చేవాడు. వెర్నా ఆర్లిన్ భార్య. స్కూల్ వంటింట్లో పని చేసేది.

కారు నడిపేది వాళ్ళ కూతురు మార్నీ. వారమంతా స్కూల్ బస్సు తోలేది. పిల్లలు గోల చేస్తే అద్దంలోంచి ఒక్కసారి చూసేది, బస్సు మొత్తం చప్పబడేది. ఆదివారం అదే మనిషి మిడ్జెట్‌లో కూర్చుని మలుపుల్లో కారుని అడ్డంగా జార్చి, ఎవరికీ చోటివ్వకుండా నడిపేది. పెళ్ళి చేసుకుంది, రెండేళ్ళకే విడిపోయింది. ఆ రెండేళ్ళూ కూడా ఆదివారాలు మానలేదు.

ఆర్లిన్‌కి ముందు ఎరుపు పోయింది. ఒక రోజు భోజనం దగ్గర వెర్నాని అడిగాడట, టమాటా సూప్ ఇలా బూడిద రంగులో ఉందేమిటి అని. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆమె గరిటె బల్ల మీద కొట్టింది. తర్వాత ఫ్యాక్టరీలో ఎర్ర మీటా ఆకుపచ్చ మీటా తేడా తెలియక యంత్రం ఆపాల్సిన చోట నడిపించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేనేజరు అతన్ని పెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

మాడిసన్‌లో కంటి డాక్టరు దగ్గరికి నా ట్రక్కులోనే తీసుకెళ్ళాను. నేను బయట కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వెర్నా మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"నరం ఎండిపోతోందట," అంది వెర్నా, ఊరు దాటాక. "అద్దాలకి లొంగేది కాదట. ఆపరేషన్ కూడా లేదట."

"దేనివల్లట?" అన్నాను.

"మూడు చెప్పాడు. వయసు కావచ్చు, బ్రాందీ కావచ్చు, ఆ సారా కావచ్చు. ఏదో తేల్చలేడట, మూడూ మానెయ్యమన్నాడు."

"వయసు ఎలా మానాలో చెప్పలేదు," అన్నాడు ఆర్లిన్.

"నువ్వు ఊరుకో. లైల్, నువ్వైనా విను. పోయింది ఇక రాదట. మిగిలింది నిలబడొచ్చట. ఆ సారా చేతికి తగలకూడదు, నోటి దగ్గరికి అసలు రాకూడదు. అంతే. ఇంకేం అడగలేదు ఆ డాక్టరు."

ఆర్లిన్ కిటికీలోంచి చేలు చూస్తున్నాడు. ఎంత కనబడుతున్నాయో నేను అడగలేదు.

బ్రాందీ ఆ రోజే మానేశాడు. మా ఊళ్ళో శుక్రవారం రాత్రి చేపల వేపుడికి వెళ్ళి బ్రాందీ తాగకుండా కూర్చున్న మగవాణ్ణి అందరూ తిరిగి చూస్తారు. ఆర్లిన్ ముందు సోడా గ్లాసు పెట్టారు. పక్క బల్ల నుంచి డ్యూయీ కుర్చీ తిప్పుకున్నాడు.

"ఒరే ఆర్లిన్, ఆ సారా మింగినవాడికి ఆసుపత్రిలో విరుగుడుగా ఏం పోస్తారో తెలుసా? తాగే మందే పోస్తారు. నువ్వేమో విరుగుడు మానేసి విషం అట్టే పెట్టుకున్నావు."

అందరూ నవ్వారు. ఆర్లిన్ కూడా నవ్వాడు. వెర్నా చేప ముక్కలోంచి ముల్లు తీస్తూ తల ఎత్తలేదు.

మార్నీ తన పద్ధతిలో తాను చేసింది. డ్రమ్ముకి చేతిపంపు బిగించింది. రబ్బరు చేతి తొడుగుల పెట్టె గరాజ్ గోడకి వేలాడదీసింది. నాజిళ్ళు తానే విప్పి డ్యూయీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళేది. అక్కడ గాలి పంపి కొలిచే బల్ల ఉంది. కొలిపించి తెచ్చి, "నాలుగూ సమానం," అని తండ్రి ముందు పెట్టేది. ఆర్లిన్ తొడుగులు వేసుకుని బిగించేవాడు. తొడుగుల్లో అతని వేళ్ళు మొద్దుబారినట్టు ఉండేవి. మర ఎక్కిందో లేదో తెలియక రెండేసి సార్లు విప్పి బిగించేవాడు.

స్పార్కు ప్లగ్గులు చదవడం ఇంకా కష్టమైంది. పందెం అయ్యాక ప్లగ్గు విప్పి దాని కొస రంగు చూస్తే లోపల మంట ఎలా మండిందో తెలుస్తుంది. అతను ముప్ఫై ఏళ్ళుగా చేసిన పని అది. ఇప్పుడు మార్నీ ప్లగ్గు పట్టుకుని చెప్పాల్సి వచ్చేది.

"అంచు దగ్గర బూడిద రంగు ఉంది."

"ఎంత బూడిద?"

"బూడిదంత బూడిద, నాన్నా. ఇంకెలా చెప్పను?"

"పొయ్యిలో బూడిదా, సిగరెట్టు బూడిదా?"

మార్నీ మళ్ళీ చూసేది. నా వైపు చూసేది. నాకూ తెలిసేది కాదు.

కన్ను తగ్గినకొద్దీ అతనికి పెదవి ఎక్కువ అవసరమైంది. పెదవి వాడినకొద్దీ కన్ను తగ్గింది. ఇది నాకు తర్వాత తెలిసింది. తెల్లవారుజామున, పాల లారీలు రాకముందే, అతను గరాజ్‌లోకి వెళ్ళి మార్నీ తెచ్చిపెట్టిన నాజిళ్ళు విప్పి ఊదుతున్నాడు. తొడుగులు వేసుకునే ఊదుతున్నాడు. డాక్టరు మాటలో సగం వింటున్నాననుకున్నాడేమో.

మార్నీ కనిపెట్టింది ట్రాక్ మీదే. వరసలో ఆమె కారు వెనక నా ట్రక్కు ఆనించి, బంపరు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి దిగాను. ఆర్లిన్ కారులోకి వంగి ఆమె భుజాల పట్టీలు బిగిస్తున్నాడు. అతని ముఖం ఆమె ముఖానికి దగ్గరగా ఉంది. ఆమె వాసన పట్టినట్టు ముక్కు ఎగబీల్చింది.

"నోరు తెరువు," అంది మార్నీ.

"ఇప్పుడా? పళ్ళు లెక్కపెడతావా?"

"ఊదు ఒకసారి."

అతను ఊదలేదు. పట్టీ కొస సరిచేస్తూ ఉండిపోయాడు.

"డ్యూయీ సమానం అన్నాడుగా. కాగితం మీద చూశానుగా నేను."

"అన్నాడు. మూడోది కొంచెం బిగువు."

"నీకెలా తెలిసింది?"

జెండా మనిషి చెయ్యి ఊపాడు. నేను వెళ్ళి ట్రక్కులో కూర్చోవలసి వచ్చింది. తోశాను. ఇంజన్ అందుకుంది. మార్నీ ఆ రోజు చాలా వెనక వచ్చింది.

పందెం అయ్యాక ట్రెయిలర్ పక్కన వాళ్ళిద్దరూ నిలబడ్డారు. నేను నీళ్ళ బకెట్లు సర్దుతున్నాను. సారా మంట పగటి వెలుగులో కనబడదు కాబట్టి బకెట్లు ప్రతి కారు దగ్గరా నింపి పెడతాం. వాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించలేదు.

"అమ్మకి మాటిచ్చావు."

"ఇచ్చాను."

"నీకు కళ్ళు అక్కర్లేదా, నాన్నా?"

"అక్కర్లేదని ఎవరన్నారు?" అన్నాడు ఆర్లిన్. "కానీ ఆ కళ్ళతో ఏం చూడమంటావు చెప్పు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెలు మడుస్తున్నాను. కళ్ళు మూసుకుని కూడా మడవగలను. నాకు చూడాల్సింది ఇదొక్కటే ఉంది. దీన్ని మానేసి కళ్ళు దాచుకుంటే, దాచుకున్నవి దేనికి?"

"నన్ను చూడొచ్చు. అమ్మని చూడొచ్చు."

"చూస్తూనే ఉన్నానుగా."

మార్నీ చేతిలోని హెల్మెట్ ట్రెయిలర్ లోపలికి విసిరింది. అది దేనికో తగిలి మోగింది.

ఆ ఏడు సెప్టెంబరు చివర్లో ఆఖరి పందెం. ముందు రోజు ఉత్తరం నుంచి చలిగాలి దిగి మబ్బులన్నీ ఊడ్చేసింది. పొడిగాలి. అలాంటి గాలిలో ప్రాణవాయువు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇంజన్‌కి సారా ఎక్కువ ఇవ్వాలి. ఆర్లిన్ ట్రెయిలర్ ముందు నిలబడి ముక్కుతో గాలి పీల్చాడు.

"రెండు నంబర్లు దిగు," అన్నాడు. "చిన్న బిళ్ళ వెయ్యి."

అప్పటికి బిళ్ళ మీద నంబరు అతనికి కనబడేది కాదు. వెయ్యడం మార్నీ పని.

"వేశాను," అంది.

నేను తోశాను. ఇంజన్ అందుకున్న మొదటి దగ్గు నాకు నచ్చలేదు. పొడిగా, పళ్ళు కొరికినట్టు ఉంది. నేను అందులో నిపుణుణ్ణి కాను. చలి వల్ల అనుకుని ట్రక్కు పక్కకి తీశాను.

సారా తక్కువైన ఇంజన్ చచ్చే ముందు చాలా బాగా పరిగెడుతుంది. మార్నీ మధ్య వరసలో మొదలై ఒక్కొక్కరినీ దాటింది. జనం లేచి నిలబడ్డారు. డ్యూయీ పెద్ద కారుని కూడా బయటి వైపు నుంచి దాటి ముందుకి వచ్చింది. మైకులో ఆమె పేరు అరుస్తున్నారు. వెర్నా ఒక్కతే కూర్చుని ఉంది.

ఆర్లిన్ మాత్రం కంచె దగ్గర రెండు చేతులతో వైరు పట్టుకుని ఊపుతున్నాడు.

"ఎత్తు! పెడలు మీంచి కాలు ఎత్తు!"

"ముందుంది ఆర్లిన్," అన్నాను. "మార్నీ ముందుంది."

"వినబడట్లేదా నీకు? కాలిపోతోంది! ఎత్తమను దాన్ని!"

ఆమెకి వినబడదు. వినబడినా ఎత్తేది కాదని ఇప్పుడు నాకు తెలుసు. నాలుగో మలుపు నుంచి బయటికి వస్తూ ఇంజన్ ఒక్క దెబ్బ కొట్టింది, ఆ తర్వాత మోత ఆగిపోయింది. వెనక నుంచి నీలం పొగ. వెంట వస్తున్న కార్లు అటూ ఇటూ తప్పుకున్నాయి. ఒకటి ఆమె వెనక చక్రాన్ని రాసుకుంటూ పోయింది. మార్నీ కారుని లోపలి గడ్డిలోకి జార్చి ఆపింది. ఎవరో బకెట్టు పట్టుకుని పరిగెత్తి, కనబడని మంట ఉందేమోనని ఇంజన్ మీద పోశారు. మంట లేదు.

కారుని ట్రెయిలర్ దగ్గరికి లాక్కొచ్చింది నేనే. ఆర్లిన్ ఇంజన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక్కి పోయే గొట్టం ఎక్కడుందో చేతికి తెలుసు. తొడుగులు లేకుండా మూత విప్పి బిళ్ళ బయటికి తీశాడు. కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు.

మార్నీ ముఖం పక్కకి తిప్పుకుంది.

అప్పటికి డ్యూయీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన కారు గెలిచింది, సంతోషంగా ఉన్నాడు.

"ఏం బస్సు డ్రైవరమ్మా, పెద్ద నంబరంటే ఎక్కువ పోస్తుందనుకున్నావా? ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి, నిన్న పుట్టినవాళ్ళ తప్పు చేశావే!"

"అవును," అంది మార్నీ. "తిరగేసుకున్నాను."

డ్యూయీ నవ్వబోయి ఆగాడు. ఆమెని చూశాడు, ఆర్లిన్‌ని చూశాడు. మా ట్రాక్ మీద పెరిగినవాళ్ళు ఆ తప్పు చెయ్యరని అతనికీ తెలుసు.

"సరేలే, అవుతుంటాయి," అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆర్లిన్ ఆ బిళ్ళని ప్యాంటుకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

"నీ పాలపళ్ళు ఊడకముందే నేర్పాను నీకిది," అన్నాడు.

"తెలుసు."

"వెనక కారు నిన్ను మధ్యలో గుద్ది ఉంటే?"

"గుద్దలేదు," అంది మార్నీ. "పిస్టన్ పోయింది. సిలిండరు గోడ కూడా గీసుకుపోయి ఉంటుంది. ఇక బాగుపడేది కాదు, నాన్నా. అయిపోయింది. ఇక్కడితో వదిలేద్దాం. పద, ఇంటికి పోదాం."

ఆర్లిన్ వేడి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. తీసెయ్యాల్సినంత వేడి, అయినా తియ్యలేదు.

"మార్నీ, ఇది మామూలు కారు ఇంజన్ అమ్మా," అన్నాడు. "ఇలాంటివి రోజుకొకటి ఎక్కడో అక్కడ గుద్దుకుంటూనే ఉంటాయి."

ఆమెకి అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులు ఆలోచించి, ప్రాణం మీదికి తెచ్చుకుని చంపింది ఊళ్ళో ప్రతి రెండో ఇంటి ముందు నిలబడి ఉండే కారు ఇంజన్ని. ఆమె గడ్డి మీద కూర్చుంది. వెర్నా వచ్చి పక్కన నిలబడింది. ముగ్గురిలో ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు.

వారం తిరక్కుండా పాత ఇనుము కొట్టువాడు ఇంకో ఇంజన్ తెచ్చి గరాజ్ ముందు దించాడు. కుటుంబమంతా ఎక్కి తిరిగిన కారుదట అది. దాని పైపుల్లో ఎండిన చెట్టు ఆకులు ఉన్నాయి.

ఆ చలికాలం మార్నీ గరాజ్ గుమ్మం తొక్కలేదు. వంటింట్లోంచి వచ్చి వంటింట్లోంచే వెళ్ళేది. వెర్నా రెండుసార్లు గరాజ్‌కి తాళం వేసింది. ఆర్లిన్ తలుపు బందులు విప్పి లోపలికి వెళ్ళాడు. తర్వాత ఆమె తాళం వెయ్యడం మానేసింది. డ్యూయీ తన కొలత బల్లనే ట్రక్కులో తెచ్చి ఇస్తానన్నాడు. సరదాకి కాదు, నిజంగానే అన్నాడు. ఆర్లిన్ అక్కర్లేదన్నాడు. దాని ముల్లు కదలడం తనకి కనబడదని మాత్రం చెప్పలేదు.

జనవరిలో ఒకసారి వెళ్ళాను. బయట మంచు కిటికీ సగం దాకా పేరుకుని ఉంది. లోపల హీటరు మండుతోంది, తలుపులన్నీ మూసి ఉన్నాయి. సారా వాసనకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను బల్ల దగ్గర నిలబడి నాజిల్ ఊదుతున్నాడు.

"ఇక చాలు, ఆర్లిన్," అన్నాను.

"ఎవరు, లైల్, నువ్వేనా?"

"నేనే. అంత దగ్గరున్నాను, కనబడట్లేదా?"

"కిటికీ వైపు జరుగు. ఆఁ, అక్కడ. అంచులు తెలుస్తున్నాయి. టోపీ పెట్టుకున్నావు. మధ్యలో మాత్రం నువ్వు లేవు."

"మధ్యలో ఏముంది?"

"పొగ," అన్నాడు. కాస్త ఆలోచించి మళ్ళీ అన్నాడు. "పొగ కూడా కాదు. ఏమీ లేదు. అంతే."

నేను హీటరు తగ్గించాను. తలుపు కొద్దిగా తెరిచాను. చలి లోపలికి వచ్చింది. అతను నాజిల్‌ని పెదవుల మధ్య తిప్పుకుని మళ్ళీ ఊదాడు.

మార్చిలో ఇంజన్ కారులోకి ఎక్కింది. నేనూ డ్యూయీ పట్టుకుని దించాం. ఆ సాయంత్రం వంటింట్లో కాఫీ తాగుతుంటే మార్నీ వచ్చింది. బస్సు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"అయిపోయింది," అన్నాడు ఆర్లిన్ ఆమె ఉన్న వైపు చూసి. కొంచెం పక్కకి చూశాడు. అలా చూస్తేనే అతనికి ఏదైనా తెలిసేది. "వచ్చే నెల నేల ఆరగానే ఒకసారి తిప్పి చూద్దాం."

"నేను కూర్చోను."

"సీటు నీ నడుం కొలతకి చేసింది."

"తెలుసు."

"డ్యూయీ మేనల్లుడు బ్రెట్ అడుగుతున్నాడు. సీటు లేదట వాడికి."

"కూర్చోమను."

వెర్నా సింకు దగ్గర కుళాయి కట్టేసింది. తాను నడపనంటే తండ్రి ఆపేస్తాడని మార్నీ అనుకుంది. తాను ఇంజన్ నిలబెడితే కూతురు వచ్చి కూర్చుంటుందని ఆర్లిన్ అనుకున్నాడు. ఇద్దరూ ఎదుటివాళ్ళే లొంగుతారని చలికాలమంతా కాచుకుని కూర్చున్నారు. డ్యూయీ ఎన్నడూ లేనిది ఒక్క మాట కూడా అనకుండా కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

మార్నీ తలుపు దగ్గర ఆగింది.

"నాన్నా, నా ముఖం కనబడుతోందా నీకు?"

ఆర్లిన్ బల్ల మీద తడిమి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

మే నెల మొదటి ఆదివారం బ్రెట్‌ని నేనే తోశాను. అంత సాఫీగా అందుకున్న ఇంజన్ని నేను ఎప్పుడూ తోయలేదు. ఒక్క దగ్గు లేదు. నా బంపరు ఆనిందో లేదో, కారు దానంతట అది ముందుకి పోయినట్టుంది. ఆర్లిన్ కంచె దగ్గర నిలబడ్డాడు. నేను పని మధ్యలో వీలున్నప్పుడల్లా వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"వాడు మలుపులో ముందుగానే కాలు ఎత్తేస్తున్నాడు," అన్నాడు.

"కొత్త కదా."

"మార్నీ అయితే ఎత్తేది కాదు."

బ్రెట్ మూడోవాడిగా వచ్చాడు. సంతోషంగా దిగి వచ్చి ఆర్లిన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఏం ఇంజనండీ ఇది! ఏం ఇంజన్!" అన్నాడు. ఆర్లిన్ తల ఊపాడు. వాడు పొడుగా పొట్టా, ఎలా ఉంటాడో తర్వాత నన్ను అడిగాడు. చెప్పాను.

ఇంటికి తీసుకెళ్ళడానికి మార్నీ వస్తానంది. లోపలికి మాత్రం రాదు. గేటు బయట, కంకర మీద, పికప్ ముందుభాగం రోడ్డు వైపు పెట్టుకుని కూర్చుంది. ఆర్లిన్ నా మోచెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. అక్కడ వదిలేశాడు.

"ఇక్కణ్ణుంచి నేను వెళ్తాను."

"ఎటువైపు ఉందో తెలుసా?"

"తెలుసు."

నిటారుగా నడిచాడు. చూసేవాళ్ళకి చూపున్న మనిషి నడకే అది. వరసలో నాలుగైదు పికప్‌లు ఉన్నాయి. మార్నీది దాటి పోయాడు. ఆ పక్కదాని దగ్గర ఆగి, తలుపు పిడి వెతికి, లాగాడు. లోపల ఎవరో పెద్దావిడ ఒడిలో వేపుడు జున్ను పొట్లం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఉలిక్కిపడి అతన్ని చూసింది.

మార్నీ దిగింది. గబగబా రాలేదు. వచ్చి అతని చెయ్యి ఆ పిడి మీంచి తీసింది. ఆవిడకి క్షమించమని చెప్పి తలుపు మూసింది.

"నీది ఎక్కడ పెట్టావే?" అన్నాడు ఆర్లిన్.

"ఇక్కడే నాన్నా. పక్కనే."

"ఎప్పుడూ పెట్టే చోటు కాదు."

"కాదు."

అతన్ని ఎక్కించింది. తలుపు వేసి, తాను అటు తిరిగి వెళ్ళకుండా, కాసేపు ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ట్రాక్ మీద తర్వాతి పందేనికి కార్లు వరస కడుతున్నాయి. ఆమె అటు చూడలేదు. తర్వాత ఎక్కి, రోడ్డు మీదికి మళ్ళించింది.

జెండా మనిషి నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. తోయాల్సిన కార్లు ఇంకా ఉన్నాయి. వెళ్ళాను.